కళాశాల దస్తరములు – ఆపత్కాల సన్నాహము



నేటి ప్రసంగవిషయము వినుటకు కొంచెము క్రొత్తగా నుండవచ్చును. కళాశాలలోని కంప్యూటరు యంత్రములు కాలిపోయినప్పుడు, నీట మునిగినప్పుడు, దొంగలపాలైనప్పుడు విద్యార్థుల లెక్కలను నిలుపుకొనుటకు ముందుగా నేమేమి చేసికొనవలెనో మనవి చేయుదును. ఇది యంత్రము తెలిసిన కుఱ్ఱవాండ్ర పని గదా, జీవితమంతయు ఛందోవ్యాకరణములు చెప్పుకొన్న తెలుగు పండితునకేల, పొలము పుట్ర చూచుకొను మాకేల యని మీరడుగవచ్చును. యంత్రము వారిదే; అందలి లెక్క మాత్రము మనది. మీ మనుమరాలు చేరిన తేదీ, కట్టిన ఫీజు, వచ్చిన మార్కులు, ఫీజు రీయింబర్సుమెంటునకు ఆధారమగు హాజరు, రేపు ఉద్యోగమునకు చూపవలసిన పత్రములు, అన్నియు నేడా యంత్రముననే యున్నవి. మనము స్థలమిచ్చి, చందాలిచ్చి నిలిపిన కళాశాలలు పల్లెపట్టులయందు కొన్ని గలవు. వాని పాలకసంఘములలో మీవంటివారు కూర్చుందురు. కాబట్టి యిది మీరు వినదగిన విషయమనియే నా నమ్మకము.

పూర్వము కళాశాల కార్యాలయమున గోడపొడవున బీరువాలుండెడివి. వానిలో నెఱ్ఱగుడ్డ చుట్టిన కట్టలు, బారెడేసి రిజిస్టరులు. అగ్నిప్రమాదము గలిగినను సాధారణముగ నొక గదియే కాలెడిది, ప్రక్కగది మిగిలెడిది. నేడొక ట్రంకుపెట్టెయంత యంత్రమున పదియేండ్ల విద్యార్థుల లెక్క యిమిడియున్నది. దీనినే సర్వరు అందురు. ఇమిడియుండుటవలన వెదకుట సుఖమైనది. ఒక్కమాఱుగ పోవుటయు నంతే సులభమైనది.

ఒక గ్రంథము నిలుచుట యెట్లు? ఈ ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. తాటియాకు మన యెండకు, తేమకు, చెదలకు ఎల్లకాలము నిలువదు. కనుక ఆకు శిథిలము కాకమునుపే వేఱొక ప్రతి వ్రాయించెడివారు. వ్రాసినదానిని ఒకరు చదువుచుండగా నింకొకరు మూలముతో సరిచూచెడివారు. ఒక ప్రతి యింట నుండిన, మఱియొకటి మఠమున, వేఱొకటి పొరుగూరి శిష్యునియొద్ద నుండెడిది. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడప మొదలగు చోట్ల పండితులకు జీతములిచ్చి, ఒక్కొక్క కావ్యమునకు దొరికినన్ని ప్రతులు తెప్పించి, వానిని పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో నెగిరిపోయిన పాదము వేఱొక ప్రతిలో దొరకెను. ప్రతులన్నియు నొక్క యింటనే యుండి యాయిల్లు తగులబడియుండినచో పోల్చుటకేమియు మిగిలియుండెడిది కాదు. ఇక వేదము నోటనే నిలిచినది. సంహిత, పదము, క్రమము, జట, ఘనము అని ఒకే వాక్యమును పలువిధముల ముందునకు వెనుకకు వల్లించుటచే నొక్క స్వరము జాఱినను వెంటనే పట్టువడెడిది.

వీనినుండి మూడు నియమములు తేలుచున్నవి. ప్రతులు పెక్కుండవలెను. అవి దూరదూరముగ నుండవలెను. వానిని సరిచూచుచుండవలెను. కంప్యూటరు పండితులు నేడు చెప్పునదియు నిదియే. వారు ప్రతిని బ్యాకప్ అందురు. నేను నకలు అందును.

ఇక ఆపదలు ఎన్ని తెఱగులో చూతము. మొదటిది నీరు, గాలి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున తీరము దాటినప్పుడు నగరమున కొన్ని దినములపాటు విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడలో నెన్నియో పేటలు దినములకొలది నీటనుండెను. క్రిందియంతస్తున నున్న యంత్రమెంత విలువైనదైనను నీరు చూచి తొలగదు.

నేనెఱిగిన యొక కళాశాలలో జరిగినది చెప్పెదను; పేరు చెప్పుట భావ్యము కాదు. అక్కడి గుమాస్తా మంచివాడు, క్రమము తప్పనివాడు. ప్రతిదినము సాయంకాలము సర్వరులోని లెక్కకు నకలు తీసి, యా డిస్కును బీరువాలో పెట్టి తాళము వేసెడివాడు. ఆ బీరువా సర్వరు ప్రక్కనే, క్రిందియంతస్తుననే యుండెను. ఒక వర్షాకాలపు రాత్రి చెఱువుకట్ట తెగి నీరు గదిలో మోకాలిలోతు నిలిచెను. అసలును పోయెను, నకలును పోయెను. వెనుకటి సంవత్సరముల మార్కులు ముద్రించిన పుస్తకములు మీది గ్రంథాలయమున నుండుటచే దక్కినవి. ఆ సంవత్సరపు అంతర్గత పరీక్షల మార్కులు మాత్రము అధ్యాపకులు తమ చేతిపుస్తకములలో వ్రాసికొన్నంతవఱకే దొరకెను. అన్నియు కూర్చుటకు నెలకు పైగా పట్టెను. పై చదువులకు దరఖాస్తు పెట్టుకొన్న యొక కూలివాని కుమార్తె యా నడుమ నెన్ని పర్యాయములు కార్యాలయపు గడప త్రొక్కినదో నేను కన్నులార చూచితిని. "మాస్టారూ, నా మార్కులు నిజముగా వచ్చినవే గదా?" అని యామె నన్నడిగినది. మార్కులు నిజమే, చూపుటకు కాగితము లేదు. కడకు పత్రము వచ్చినది గాని, గడువునకు రెండు దినములు మిగిలియుండగా వచ్చినది. గుమాస్తా శ్రద్ధలో లోపము లేదు. నకలునకు వేఱొక చోటు చూపవలసిన బాధ్యత పెద్దలది.

ఈ విషయమున దూరదేశపు పెద్ద విద్యాలయములును తప్పించుకొనలేదు. అమెరికాలో న్యూ ఆర్లియన్సు నగరమున టులేన్ విశ్వవిద్యాలయము కలదు. 2005 ఆగస్టు 29వ తేదీన కత్రినా తుపాను వచ్చి, గట్లు తెగి, నగరమున నధికభాగము మునిగెను. నకళ్ల టేపులు ఆ నగరములోనే యొక భవనమున నుండిపోవుటచే సిబ్బంది మరల పోయి వానిని తెచ్చుకొనవలసివచ్చెను. ఆ యర్ధసంవత్సరపు చదువు నిలిచిపోయెను; విద్యార్థులు దేశమందలి యితర కళాశాలలకు చెదరి, 2006 జనవరిలో తిరిగివచ్చిరి.

రెండవది నిప్పు. 2025 సెప్టెంబరు 26వ తేదీన దక్షిణ కొరియాలో డేజాన్ నగరమందలి ప్రభుత్వ కంప్యూటరు కేంద్రమున బ్యాటరీలు అంటుకొని మంటలు లేచెను. 709 ప్రభుత్వ వ్యవస్థలు నిలిచిపోయెను. ఉద్యోగులు తమ దస్తరములు దాచుకొను నొక పెద్ద భాండారము, 858 టెరాబైట్ల పరిమాణము గలది, బూడిదయయ్యెను. అది మిక్కిలి పెద్దది కావున వేఱొకచోట నకలు ఉంచలేదని యధికారులు చెప్పిరి. విద్యుత్తు పోయినప్పుడు మనలను కాచు బ్యాటరీయే నిప్పునకు మూలమైనది. మన కళాశాలలలోను బ్యాటరీలను సర్వరు గదిలోనే పేర్చుట కలదు. వేఱు గదిలో, గాలి తగులుచోట నుంచుట మేలు.

మూడవది మనుష్యుని పొరపాటు. 2021 డిసెంబరులో జపానునందలి క్యోటో విశ్వవిద్యాలయమున మహాకంప్యూటరుయొక్క నకలు తీయు పనిముట్టులోనే దోషము దొరలి, పాతచెత్త తుడువవలసిన యాజ్ఞ పరిశోధకుల ఫైళ్లను తుడిచివేసెను. 77 టెరాబైట్లు, సుమారు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు పోయెను. 14 పరిశోధక బృందములు నష్టపోగా, నాలుగింటి ఫైళ్లు నకళ్లనుండియు మరల రాలేదు. కాపలావానినిగూడ కనిపెట్టియుండవలెనని దీనివలన తెలియుచున్నది.

నాలుగవది దోపిడి. ఈ కాలపు దోపిడికాడు దస్తరమును ఎత్తుకొనిపోనక్కఱలేదు. మన దస్తరమునకే తన తాళము బిగించి, చెవి కావలెనన్న సొమ్ము పంపుమనును. దీనినే రాన్సమ్‌వేర్ అందురు. నెదర్లాండ్సులోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయమున 2019 అక్టోబరులో నొకరు మాయ యుత్తరమును తెఱచిరి. దొంగ లోపలజేరి రెండు నెలలు సద్దుచేయక యుండి, డిసెంబరు 23వ తేదీన, పండుగ సెలవులలో, 267 సర్వరులకు తాళము వేసెను. వానిలో కొన్ని నకళ్లుంచిన సర్వరులు. అవియు నదే తీగకు కలిపియుండెను. విశ్వవిద్యాలయము 30 బిట్‌కాయినులు, అనగా నప్పటి విలువను సుమారు 2 లక్షల యూరోలు, మన లెక్కను కోటిన్నర రూపాయలకు పైమాట, చెల్లించి చెవి పొందెను. తరువాత జరిగినదంతయు సభ చేసి లోకమునకు వెల్లడించెను; ఇతరులు నేర్చుకొనుట కది యుపకారమైనది.

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున లింకన్ కళాశాల 1865లో స్థాపితమైనది. రెండు మహాయుద్ధములను, ఆర్థికమాంద్యమును దాటివచ్చినది. కరోనాచే విద్యార్థులు తగ్గియున్న సమయమున, 2021 డిసెంబరులో నిట్టి దోపిడి తగిలెను. ప్రవేశముల లెక్క, విరాళముల లెక్క చేతికందలేదు. 2022 మార్చిలో లెక్కలు తిరిగివచ్చి చూచుకొనగా, రాబోవు సంవత్సరమునకు చేరువారి సంఖ్య సంస్థను నిలుపుటకు చాలకుండెను. 2022 మే 13వ తేదీన కళాశాల మూతపడెను. దోపిడియొక్కటే కారణమనుట న్యాయము కాదు. బలహీనముగ నున్న సంస్థకు మూడునెలల చీకటి సైతము ప్రాణాంతకమగునని మాత్రము చెప్పవచ్చును.

ఇంతవఱకు రోగము చెప్పితిని. ఇక చికిత్స.

మొదట చేయవలసినది జాబితా. కళాశాలలో నేయే లెక్కలున్నవి, ఎచ్చటనున్నవి, ఎవరి యధీనమున నున్నవి యని వ్రాయవలెను. వ్రాసినపిదప తారతమ్యము నిర్ణయింపవలెను. ఇల్లంటుకొన్నప్పుడు పసిబిడ్డను, పశువులను, పిదప సామానులను బయటకు తెత్తుము గాని చేతికందినది తేము గదా. అట్లే మార్కులు, ప్రవేశములు, ఫీజులు, జీతములు ముందు. గ్రంథాలయపు పట్టిక తరువాత. ఉత్సవముల ఛాయాపటములు కడపట.

తరువాత ఒక్కొక్క లెక్కకు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఎంతకాలపు పని పోయినను తట్టుకొనగలము? ఎన్ని దినములు ఆ లెక్క లేక నడుపగలము? మొదటి ప్రశ్నకు బదులు "ఒక దినము" అన్నచో ప్రతిరాత్రియు నకలు తీయవలెను. "ఒక గంట" అన్నచో గంటగంటకు తీయవలెను. రెండవదానికి బదులు "రెండు దినములు" అన్నచో క్రొత్త యంత్రమెచ్చటనుండి తెత్తుమో, ఎవరు బిగింతురో ముందే కుదుర్చుకొనవలెను. ప్రవేశముల వారమున నొకపూట యాగినను కష్టము; వేసవి సెలవులలో వారమాగినను నష్టము లేదు. ఈ నిర్ణయము కంప్యూటరు తెలిసినవాని కొక్కనికే విడువరాదు. ఏది పోయిన నెవరికి కష్టమో తెలిసినవారు, అనగా ప్రిన్సిపాలు, అధ్యాపకులు, పాలకసంఘము, కూర్చుండి చేయవలెను.

నకలు విషయమున పండితులు మూడు, రెండు, ఒకటి యని సులభమైన లెక్క చెప్పుదురు. అసలుతో కూడ మూడు ప్రతులు. రెండు వేఱువేఱు సాధనములపై. ఒకటి వేఱొక యూరిలో. దీనికి నేడింకొక మాట చేర్చుచున్నారు: ఒక ప్రతి యే తీగకును తగిలియుండరాదు. డిస్కు తీసి బీరువాలో పెట్టినచో తీగవెంట వచ్చు దొంగ చేయి దానిదాక పోదు. ఒకే యంత్రములో రెండు డిస్కులుంచి, ఒకదానిలో వ్రాసినది రెండవదానిలో తానై పడునట్లు చేయుట కలదు. అదియే నకలని కొందఱు నిశ్చింతగ నుందురు. అది యద్దములో దీపమువంటిది. దీపమాఱిన నద్దములోనిదియు నాఱును. గుమాస్తా పొరపాటున నొక పేరు కొట్టివేసినచో రెంటిలోను కొట్టువడును.

పాత నకళ్లను వెంటనే చెఱుపరాదు. దినపు నకలు, వారపు నకలు, నెల నకలు కొంతకాలము వేఱువేఱుగ నిలుపవలెను. మాస్ట్రిక్ట్‌లో దొంగ రెండు నెలలు లోపల నుండెను గదా. నిన్నటి నకలులో వానియడుగులుండవచ్చును, మూడునెలల క్రిందటిదానిలో నుండవు.

దూరపు ప్రతికి మార్గములు రెండు. పొరుగూరి కళాశాలతో మాటాడుకొని, వారిది మీయొద్ద, మీది వారియొద్ద నుంచుకొనుట యొకటి. సొమ్ము చెల్లించి పెద్ద సంస్థల భాండారమున నుంచుట రెండవది. దీనిని క్లౌడ్ అందురు. మబ్బు పేరేగాని యదియు నెచ్చటనో నేలమీదనున్న యొకరి గృహమే. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులో స్ట్రాస్‌బర్గ్ నగరమున నట్టి పెద్ద గృహమొకటి కాలిపోయెను. కనుక వారికప్పగించితిమని నిద్రపోరాదు. వారొక ప్రతి యుంచుదురా, రెండుంచుదురా యని పత్రములో వ్రాయించుకొనవలెను. నకళ్లలో బిడ్డల కులపత్రములు, బ్యాంకు ఖాతాలు, ఆధారు సంఖ్యలు ఉండును. వానిని రహస్యలిపిలో మార్చి పంపవలెను. పరుల వ్యక్తిగత వివరములను కాపాడు బాధ్యత 2023 నాటి చట్టమున స్పష్టముగ చెప్పబడినది.

ఇప్పుడు చెప్పబోవునది మిక్కిలి ముఖ్యము. విత్తనములు గాదెలో నున్నవని చాలించుకొను రైతు లేడు. తొలకరికి ముందు గుప్పెడు గింజలు తడిగోనెలో చుట్టి మొలక చూచును. నకలును గూడ నట్లే మొలకెత్తించి చూడవలెను. ఏడాదికి రెండుమాఱులైనను ఒక ఖాళీ యంత్రము తెచ్చి, నకలునుండి లెక్కలను దానిలోనికి దింపి, పదిమంది విద్యార్థుల మార్కులను కాగితముతో సరిచూడవలెను. ఎన్ని గంటలు పట్టెనో వ్రాసియుంచవలెను. నకలు తీయుచున్నట్లు యంత్రము పచ్చదీపము చూపుచుండగా, డిస్కు ఖాళీగ నుండుట కలదు. ఆపద వచ్చిననాడు గాక, ముందే యది తెలియుట మేలు.

మనుష్యుల మాట. యంత్రపు పాస్‌వర్డు ఒక్కనికే తెలిసి, వాడు వేఱొక యుద్యోగమునకు పోయినచో తాళపుచెవి బావిలో పడినట్లే. ముద్రవేసిన కవరులో పాస్‌వర్డు వ్రాసి ప్రిన్సిపాలుగారి యొద్దను, సంఘ కార్యదర్శిగారి యొద్దను ఉంచి, మార్చినప్పుడెల్ల కవరును మార్చవలెను. ఆపద వచ్చినదని నిర్ణయించువారెవరు, యంత్రపు తీగ తీయువారెవరు, తలిదండ్రులకు చెప్పువారెవరు, వారు లేనినాడు బదులుగ నెవరు, వారి ఫోనుసంఖ్యలు, ఇవన్నియు కాగితముపై వ్రాసి నాలుగుచోట్ల నుంచవలెను. ఈ పత్రమును కంప్యూటరులో మాత్రమే యుంచుట యెట్లన్న, వైద్యుని చిరునామా రోగి నోటనే యుంచుట. దోపిడి జరిగినచో కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థకు 6 గంటలలోపల తెలుపవలెనని 2022 ఏప్రిలునాటి యాదేశము కలదు. సొమ్ము పోయినచో 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

యంత్రము లేని దినములలో పని నడుపుట గూడ ముందే యోచింపవలెను. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యాలయపు సర్వరులు దోపిడిపాలైనప్పుడు కొన్ని దినములు రోగుల చీట్లు చేతితోనే వ్రాసిరి. కళాశాలలోను ముద్రించిన రసీదుపుస్తకములు, హాజరుపట్టీలు ఒక కట్ట సిద్ధముగ నుండవలెను. ప్రతి యర్ధసంవత్సరాంతమున మార్కులను ముద్రించి, సంతకము చేయించి, బైండు కట్టించి, మీదియంతస్తున భద్రపఱుపవలెను. పట్టాలను భారతప్రభుత్వము డిజిలాకరునందు నిలుపుకొను నేర్పాటు చేసినది, అది మేలు. కాని పట్టాకు ముందు నడచు హాజరు, అంతర్గత మార్కులు, ఫీజులెక్క కళాశాలవే.

ఖర్చు మాట రాక మానదు. "మా కళాశాల చిన్నది, గోడలకు సున్నము వేయుటకే డబ్బులేదు" అని యొక కార్యదర్శిగారు నాతో ననిరి. వారి మాట తోసివేయదగినది కాదు. అయినను నేను చెప్పినవానిలో నధికభాగము కాగితము, కలము, క్రమము కోరునవే. జాబితాకు ఖర్చు లేదు. కవరుకు ఖర్చు లేదు. సర్వరును క్రిందినుండి మీదికి మార్చుటకు నొకపూట కూలి. రెండు డిస్కులు కొని వారమునకొకటి మార్చి మార్చి పొరుగూరికి పంపుట పేద సంస్థకును సాధ్యమే. సొమ్ము చాలనప్పుడు మార్కులకు, ప్రవేశములకు మొదట చేసి, తక్కినవి క్రమముగ చేసికొనవచ్చును.

పెద్దలారా! ఈసారి సంఘసమావేశమునకు పోయినప్పుడు ఐదు ప్రశ్నలడుగుడు. మన బిడ్డల లెక్కకు నకళ్లెన్ని? వానిలో నూరు దాటియున్నదేది? తీగకు తగులనిదేది? కడపట నకలునుండి లెక్క దింపి చూచినది ఏ తేదీన? ప్రధానోద్యోగి నేడు లేకున్న నెవరు చేయగలరు? తప్పుపట్టుటకుగాక తెలిసికొనుటకే యడుగుడు. బదులు రానిచోట, "రాబోవు సమావేశమునకు చూచి చెప్పుడు" అని మినిట్సు పుస్తకమున వ్రాయించి, ఆ సమావేశమునకు తప్పక పొండు. తుపానులు మనము చెప్పినట్లు వినవు. కాని అక్టోబరు రాకమునుపు డిస్కును పొరుగూరికి పంపుట మన చేతిలోని పని.